అన్నయ్యకు అందిన బత్తాయిల మెయిలు

పొద్దున్నే కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే ఫోను టింగుమంది. మా అన్నయ్య. పరగడుపున గోరువెచ్చని నీళ్ళు తాగితే ఒంట్లో ఏ భాగానికి ఏం మేలు జరుగుతుందో వివరించే సందేశం, పైన రెండు బాణాల గుర్తు, చాలాసార్లు చేతులు మారిందని చెప్పే ముద్ర. ఇదే సందేశం కిందటి నెలలోనూ పంపాడు, ఉగాదికీ పంపాడు. నేనుండేది ఎల్బీనగర్‌లో, తనుండేది వనస్థలిపురంలో, ఆటో ఎక్కితే గ్లాసులో పోసుకెళ్ళిన కాఫీ వేడి తగ్గకముందే చేరే దూరం. అయినా దసరా తర్వాత నేను అన్నయ్య మొహం చూడలేదు, తను నా మొహం చూడలేదు. నీళ్ళు మాత్రం రోజూ తాగిస్తున్నాడు.

చిరాకేసి ఫోను బోర్లా పడేసి బాల్కనీలోకి వెళ్ళాను, అక్కడా నిలవలేక వంటింట్లోకి వచ్చాను. నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు, ఈ వయసుకైనా కుదురు వస్తుందనుకుంటే రాలేదు. అలా తిరుగుతుండగా ఒక మాట తట్టి నాలో నేనే నవ్వుకున్నాను. ఇవాళ చంటిపిల్లలు కూడా బొటనవేలితో చేసేస్తున్న ఈ ఫార్వర్డు అనే పనికి ఒకప్పుడు నాకు నెలనెలా జీతం ఇచ్చేవారు. నా ఈడు వాళ్ళు కొందరైనా నమ్ముతారు, మిగతావాళ్ళు నమ్మకపోయినా నష్టం లేదు.

అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌కి పైన మెట్రో లేదు. మెయిన్ రోడ్డు మీద గాజుల దుకాణం, దాని పక్కన ఎస్టీడీ బూతు, ఆ రెండింటి మధ్య నుంచి ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే మా కంప్యూటర్ సెంటరు. దాని యజమానిని నేను సార్ అనేదాన్ని, నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినాయన. అంతకుముందు అదే గదిలో టైపు నేర్పేవారు. టైపు మిషన్లను గోడవారగా పేర్చి దుప్పటి కప్పి, నడుమ కంప్యూటర్లు పెట్టారు కానీ, టైపు ఇన్‌స్టిట్యూట్ నాటి నల్లబోర్డు మాత్రం తీయడానికి ఆయనకి మనసొప్పలేదు. ఆ బోర్డే తర్వాత మా ప్రాణం మీదికి తెచ్చింది, ఆ ముచ్చటకి వస్తాను.

సెంటరుకి ఒక్కటే ఇంటర్నెట్ కనెక్షను, ఒక్కటే మెయిలు అడ్రసు. కొత్తపేట నుంచి ఎల్బీనగర్ దాకా ఈమెయిలు అవసరం పడ్డ ప్రతివాళ్ళూ ఆ అడ్రసే ఇచ్చేవారు, కాలేజీలకి దరఖాస్తు పెట్టినవాళ్ళు, మందుల ఏజెంట్లు, పండ్ల వ్యాపారులు, అందరూ. మెయిలు పైన ఎవరి పేరుంటే వాళ్ళకి మేము కబురు పెట్టేవాళ్ళం, ఊళ్ళో లేకపోతే వాళ్ళున్న చోటికి ఫార్వర్డు చేసేవాళ్ళం. ఇక ఫోను లైను కూడా మా సొంతం కాదు, కింద బూతు వాళ్ళదే. కింద ఎవరైనా రిసీవరు ఎత్తారంటే పైన మా కనెక్షను ఠక్కున తెగిపోయేది. మళ్ళీ డయలు చేయడం, ఆ మోడెము గొంతు బొంగురుపోయిన పిల్లిలా అరవడం, ఆ అరుపు ఆగేదాకా నేను కుర్చీలో కూర్చోలేక గది చుట్టూ తిరగడం. సార్ నన్ను చూసి, "జర కూసో అమ్మా, నువ్వు తిరిగితే లైను తొందరగొస్తదా?" అనేవారు.

లైను కలిశాక కనిపించేదంతా ఒక నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మలు లేవు, నొక్కడానికి బటన్లు లేవు, ఎలుకకి పని లేదు. వచ్చిన మెయిళ్ళకి వరసగా నంబర్లుండేవి. ఫార్వర్డు చేయాలంటే ముందు కొత్త ఉత్తరం మొదలుపెట్టి, ఎవరికో అడ్రసు కొట్టి, తర్వాత వరుస మొదట్లో కీబోర్డు ఎడమ మూలనుండే అలలాంటి గుర్తు పెట్టి, ఎఫ్ అక్షరం కొట్టి, ఫలానా నంబరు అని చెప్పాలి. అది ఆ ఉత్తరాన్ని తెచ్చి లోపల చేర్చేది. చేర్చినదేమిటో చూపించేది కాదు సుమండీ. చేర్చాను, ఇంకేమైనా రాసుకో అన్నట్టు ఊరుకునేది. చివర ఒక ఖాళీ వరుసలో ఒక్క చుక్క పెడితే ఉత్తరం వెళ్ళిపోయేది. ఒకసారి వెళ్ళిందంటే వెళ్ళిందే, వెనక్కి పిలిచే దిక్కు లేదు. పైగా మొదట ఎవరు ఎవరికి రాశారో తెలిపే పై వరుసలు ఫార్వర్డులో రాకుండా సార్ ఏర్పాటు చేశారు, వచ్చినవాళ్ళు అచ్చు వేయించుకుంటే కాగితం వృథా అని.

లైను మీద ఉన్నంతసేపూ మీటరు తిరుగుతుంది కాబట్టి సార్ ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్నే ఒకసారి తెరిచి వరస చూసి, ఆ నల్లబోర్డు మీద నంబరు, దాని ఎదురుగా పేరు, ఎక్కడికి పంపాలో రాసేవారు. తర్వాత నేను బోర్డు చూసుకుంటూ నంబర్లు కొట్టుకుపోవడమే. "గా బోర్డు మీద ఏమున్నదో గదే కొట్టు, ఎక్కువ ఆలోచన పెట్టుకోకు" అన్నది సార్ ఆజ్ఞ. నాకు ఆలోచన ఎక్కువని ఆయనకి మొదటి వారంలోనే తెలిసిపోయింది.

మా ఇంటి సంగతి చెప్పాలి. నాన్నగారు, అన్నయ్య, వదిన, నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి వనస్థలిపురంలో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారికి గుండె జబ్బు. అన్నయ్య హయత్‌నగర్ దాటాక ఒక ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే ఇంజనీరు, ఆ ఫ్యాక్టరీకి ఒకరోజు తాళం పడింది. పని లేని మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మా అన్నయ్య ఫ్యాను విప్పి బిగించాడు, మిక్సీ విప్పి బిగించాడు, చివరికి ఇంటివారి నీళ్ళ మోటారు కూడా విప్పాడు, అది మాత్రం మళ్ళీ బిగియలేదు. ఇక వదినే బతిమాలి, విజయవాడలో అన్నయ్య స్నేహితుడి విడిభాగాల దుకాణంలో కొన్నాళ్ళు చేదోడుగా ఉండమని పంపింది. ఆ దుకాణంలోనూ ఒక కంప్యూటరు, ఈమెయిలు ఉండేవి. ఉద్యోగాల దరఖాస్తుల్లో అన్నయ్య ఇచ్చింది మాత్రం మా సెంటరు అడ్రసే, చెల్లెలి చేతిలో ఉంటే ఏదీ జారిపోదని ధీమా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు వింతగా ఉంటుంది. మా ఇంట్లో చెడు కబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. మా తాతయ్య పోయినప్పుడు అన్నయ్య హాస్టల్లో ఉన్నాడు. ఆవు ఈనింది, దూడ బాగుంది, ఒకసారి చూసిపోదువుగాని రమ్మని కార్డు రాశారు. వాడు జున్ను తినొచ్చని సంబరంగా వస్తే వీధి గుమ్మంలో జనం. ఆ తర్వాత ఎన్నేళ్ళైనా మా ఇంట్లో ఎవరైనా సంబంధం లేని మాట మాట్లాడి వెంటనే రమ్మన్నారంటే అన్నయ్య మొహం పాలిపోయేది.

ఒక బుధవారం అన్నయ్యకి మెయిలు వచ్చింది. గుజరాత్‌లో సముద్రం ఒడ్డున కొత్తగా కడుతున్న ఒక పెద్ద కర్మాగారం వాళ్ళు అన్నయ్యని తీసుకుంటామన్నారు. అంత దూరం రావడానికి ఒప్పుకుంటున్నాడా, ఎప్పుడు చేరగలడు, ఈ రెండింటికీ జవాబు శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా అందకపోతే ఇంకొకరిని పిలుస్తామన్నారు. చదువుతుంటేనే నా కాళ్ళు నేలమీద నిలవలేదు. అప్పటికప్పుడే ఫార్వర్డు చేయబోతుంటే కింద ఎవరో రిసీవరు ఎత్తారు, లైను పుటుక్కుమంది. నేను మెట్లు దిగి బూతు దగ్గర గునిసి మళ్ళీ పైకి వచ్చేలోగా సార్ లైను కలిపి, వరసలో పైనున్న తన మెయిళ్ళు రెండు చదువుకుని, మూసేశారు. అలా మూయగానే చదివినవన్నీ, నేను చదివిన అన్నయ్య మెయిలుతో సహా, వరస చివరికి పోతాయి, చదవనివి పైకి జరుగుతాయి. బోర్డు మీది నంబర్లకి ఆ సంగతి తెలియదు కదా. నేను బోర్డు చూసి, సార్ చెప్పినట్టే ఆలోచన పెట్టుకోకుండా, అన్నయ్య పేరు పక్కనున్న నంబరు కొట్టి విజయవాడకి, సార్ బావగారి పేరు పక్కనున్న నంబరు కొట్టి నాగపూర్‌కి పంపి, చుక్క పెట్టి, గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాను. ఇది నా పొరపాటేనని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. ముమ్మాటికీ బోర్డుదే.

ఆ సార్ బావగారికి కొత్తపేట పండ్ల మార్కెట్లో కమీషను దుకాణం. ఢిల్లీకి పంపే బత్తాయిల లోడ్లు చూసుకునే ఆయన తమ్ముడు నారింజలు కొనడానికి నాగపూర్ వెళ్ళి ఉన్నాడు, అందుకని ఢిల్లీ వ్యాపారి రాసే మెయిళ్ళు అక్కడికి పంపేవాళ్ళం.

గురువారమంతా జవాబు కోసం చూశాను. ఎవరి పని మీద లైను కలిపినా అన్నయ్య పేరు కోసం వెతకడం, లేకపోతే ఉసూరుమనడం. సాయంత్రం ఇంటికెళ్ళి నాన్నగారితో అన్నాను, రేపు మధ్యాహ్నం దాకా చూసి అన్నయ్య తరఫున నేనే సరేనని రాసేస్తానని. ఆయన ఒప్పుకోలేదు. అంత దూరం పోవాల్సింది వాడు, వాడి మాట వాడే ఇవ్వాలి, నోటి దగ్గరి కూడైనా సరే ఇంకొకరు ఒప్పుకోకూడదన్నారు. వదిన అన్నం వడ్డిస్తూ రెండుసార్లు గరిట జారవిడిచింది.

శుక్రవారం పొద్దున సార్ బావగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. పెద్ద శరీరం, పెద్ద గొంతు. గుమ్మంలోనే నిలబడి పకపకా నవ్వుతూ, "ఏం చెల్లె, మా తమ్మునికి నౌకరి ఇప్పిచ్చినవట? నాగపూర్ల సంత్రాలు కొననీకి పోయినోన్ని గుజరాత్ల మిషన్లు చూసుకోమంటున్రు! రాత్రి ఫోన్ చేసి నన్నే తిడ్తుండు, ఏంది అన్నా నన్ను ఎల్లగొడ్తున్నవా అని!" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. అన్నయ్య మెయిలు నాగపూర్ వెళ్ళిందంటే, విజయవాడ వెళ్ళింది ఏది? లైను కలిపి చూస్తే ఢిల్లీ వ్యాపారి బత్తాయిల మెయిలు. బత్తాయిల లోడు పరిస్థితి బాగా లేదు, ఆశ వదులుకోవడమే మంచిది, ఫోన్లతో పని కాదు, వెంటనే బయల్దేరి రావాలి. అంతే ఉంది అందులో. అది చదువుతున్నప్పుడు కూడా నాకు ఏమీ స్ఫురించలేదు, సరైనది పంపాలన్న తొందరే. నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఈసారి ఉత్తరం మొత్తం తెర మీద చదివి మరీ విజయవాడకి పంపాను. పంపి, కిందికి పరుగెత్తి, బూతు నుంచి ఆ స్నేహితుడికి ఫోను చేశాను. నిన్న మధ్యాహ్నం ఏదో మెయిలు చూశాడమ్మా, చూసి అక్కడే కూలబడ్డాడు, ఎంత అడిగినా చెప్పలేదు, ఏడుస్తూ రాత్రి బస్సెక్కాడు అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆవు ఈనిన కార్డు.

రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి దిగాలి. వనస్థలిపురంలో బస్సు ఆగితే ఇల్లు నడక దూరం. పక్కింటి వాళ్ళకి ఫోను చేసి వదినని పిలిపిస్తే, అన్నయ్య రాలేదంది, అసలు వస్తున్నట్టే తెలియదు కదా, ఏమైందని అడిగింది. ఏం చెప్పను, బత్తాయిలని చెప్పనా? మధ్యాహ్నమైంది. నేను కాలుగాలిన పిల్లిలా మెట్లు దిగడం, రోడ్డు మీద వచ్చే ప్రతి బస్సులోకీ తొంగి చూడడం, మళ్ళీ ఎక్కడం. సార్ ఈసారి నన్ను కూర్చోమనలేదు. డస్టరు తీసుకుని ఆ బోర్డు మీది నంబర్లన్నీ తుడిచేశారు. వాళ్ళ బావగారు మార్కెట్టుకి పోవడం మానేసి అక్కడే ఉండిపోయారు.

ఎండ వాలుతుండగా అన్నయ్య వచ్చాడు. రాత్రి దారిలో చెడిపోయిన బస్సు మధ్యాహ్నానికి బాగై కదిలి చౌటుప్పల్ దగ్గర మళ్ళీ ఆగిపోతే, ఎంతసేపటికీ ఇంకో బస్సు ఆపకపోతే, కొత్తపేట మార్కెట్టుకి వచ్చే బత్తాయిల లారీ ఎక్కాడట. జుట్టంతా దుమ్ము, ఒళ్ళంతా బత్తాయి వాసన, కళ్ళు చింతనిప్పులు. అదే రోడ్డు మీద మా ఇంటి మలుపు దాటుకునే వచ్చాడు, లారీ ఆపించి దిగొచ్చు, దిగలేదు. ఇంటికెళ్ళి చూసే ధైర్యం లేక ముందు నా దగ్గరికి వచ్చాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, "ఎప్పుడే?" అన్నాడు.

"ఏం కాలేదురా అన్నయ్యా. నాన్న బానే ఉన్నారు. మధ్యాహ్నం చారులో ఉప్పు చాల్లేదని వదిన మీద కేకలేశారట" అన్నాను. తను నమ్మలేదు. మా ఇంట్లో ఎవరు మాత్రం నమ్ముతారు అలాంటి మాట! చారు సంగతి కూడా దూడ సంగతే అనుకున్నాడు. మళ్ళీ పక్కింటికి ఫోను చేసి, నాన్నగారినే పిలిపించి, ఆయన గొంతు తన చెవిలో వినిపించాక అన్నయ్య అక్కడే మెట్ల మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని భోరుమన్నాడు. అంత పెద్ద మగాడు ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఏడుపు తగ్గాక గుజరాత్ మెయిలు చూపించాను. చదివాడు, ఇంకోసారి చదివాడు, గోడ గడియారం వైపు చూశాడు. ఆఫీసు మూసే వేళ దగ్గర పడింది. ఒప్పుకుంటావా అని నేనడగలేదు, మొహమే చెబుతోంది. తీరా లైను కలపబోతే కింద బూతులో ఒక కొత్తపెళ్ళికూతురు వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. మాట్లాడటం కాదు, వెక్కి వెక్కి ఏడవటం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ పిల్లని ఆపమని అడగడానికి నాకు మనసు రాలేదు, అన్నయ్యకి అసలే రాలేదు.

సార్ బావగారే లేచారు. పైనుంచే వినిపించింది ఆయన గొంతు. "బిడ్డా, జరసేపు ఆ ఫోను ఇడిసిపెట్టు. మీద ఒక పిలగాని బతుకుదెరువు ఆగిపోయింది. గాయన పని కాంగనే పొద్దుమీకేదాక మీ అమ్మతోటి మాట్లాడు, పైసలు నేను కడ్త."

ఆ పిల్ల ఏమందో వినపడలేదు కానీ లైను వచ్చింది. అన్నయ్య టైపు చేశాడు, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. నేను పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను, నేనైతే చిటికెలో కొట్టేదాన్ని, కానీ వాడి మాట వాడే ఇవ్వాలి. చివరికి ఖాళీ వరుసలో చుక్క కూడా తనే పెట్టాడు. సోమవారం వాళ్ళ దగ్గర నుంచి జవాబు వచ్చింది, మెయిలు వేళకి అందింది, చేరవచ్చునని. ఆ రోజు సార్ బోర్డు మీద నంబరు రాయలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాయలేదు, పేర్లే రాశారు. అన్నయ్య పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాశారు.

శుక్రవారం రాత్రి మేమిద్దరం ఇంటికెళ్ళి నాన్నగారికి జరిగిందంతా చెప్పాం. ఇకమీదట ఈ ఇంట్లో ఏ కబురైనా ఉన్నదున్నట్టే చెప్పుకోవాలి అన్నారు. ఆ మాట మీద ఆయన కూడా నిలబడలేదు, అది వేరే కథ.

ఇప్పుడు ఆ మెట్లు లేవు, గాజుల దుకాణం లేదు, పండ్ల మార్కెట్టు కూడా బాటసింగారం వెళ్ళిపోయింది, కొత్తపేటలో దిగితే ఆ వాసన రాదు. వాటి గురించి నాకంత దిగులు లేదు, ఊరన్నాక మారుతుంది. నాకు దిగులుగా ఉండేది వేరే. ఆనాడు అన్నయ్య తప్పుగా అర్థం చేసుకున్నాడు నిజమే, కానీ ఎందుకు చేసుకున్నాడు? చెల్లెలు ఊరికే ఏదీ పంపదని నమ్మాడు కాబట్టి. సంబంధం లేని బత్తాయిల కబురులో కూడా నా మనసులో ఏముందో వెతికాడు కాబట్టి. ఇవాళ ఎవరూ ఎవర్నీ తప్పుగా అర్థం చేసుకోవడం లేదు, చదివితే కదా. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను, తను పంపినవి ఎన్ని తెరవకుండా తుడిచేయలేదు!

ఇదంతా తలుచుకున్నాక ఊరుకోలేక, బోర్లా పడేసిన ఫోను తీసి, అన్నయ్యకి నా చేత్తోనే టైపు చేశాను. బత్తాయిల పరిస్థితి బాగా లేదు, ఫోన్లతో పని కాదు, వెంటనే బయల్దేరి రా. పంపి, చేతిలో ఫోను పట్టుకుని హాల్లోంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి హాల్లోకి తిరిగాను. రెండు టిక్కులు పడ్డాయి, నీలంగా మారాయి. నా గుండె ఆ వయసులో కొట్టుకున్నట్టే కొట్టుకుంది.

కాసేపటికి జవాబు వచ్చింది. ముందు ఒక దండం బొమ్మ. దాని వెనకే రెండు బాణాల ముద్రతో ఒక పొడుగాటి సందేశం, బత్తాయి రసం వల్ల కలిగే లాభాలు.

నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను, చెప్పులు వేసుకుని తాళం తీసుకున్నాను. ఆనాడు ఆ ముక్క చదివి తను బయల్దేరాడు. ఈసారి నా వంతు.